గుండుకి గూడు

ఖుర్దా రోడ్డుకి బదిలీ అయిపోనాడు
రైల్వే క్వార్టర్సు పాయింట్స్‌మేను.
పీపాలూ పరుపులూ లారీ ఎక్కినాయి గానీ
కుందేలికి సోటు నేదన్నాడట.
మా ఢిల్లేశ్వరి చున్నీలో సుట్టుకుని తెచ్చీసింది.

తెల్లగా, నిండుగా, బద్ద అవ్వని పప్పులాగ.
గుండు అని పేరెట్టింది గుంట.
ఎడం సెవి కొస ఎవులో కొరికీసినట్టుంది,
మా కంపెనీలో అయితే రెండో రకంలోకి తోసీదురు.
"తొయ్యనీ, మనింట్లో ఒకటే రకం" అన్నాది.

ఇల్లంటే కాశీబుగ్గలో ఒకటే గది.
వంట ఇటు, పడక అటు, మజ్జిన మేం.
మొదటి రాత్రే బీరువా కింద దూరి
ఛార్జరు వైరు రెండు ముక్కలు సేసింది.
ఇంటామె కామేశమ్మ కిటికీలోంచి సూసి
"బయట కట్టండర్రా" అన్నాది.
బయటంటే కుక్కలు, పైన గెద్దలు.
లోపలే కడతాన్నాను,
ఏటితో కడతానో తెలీకుండానే.

ఆదివారం కంపెనీకి సెలవు.
మా మావ తొంగున్న మడత మంచం,
పట్టీ పోయినా ఫ్రేము గట్టిది.
సెడిపోయిన ఫ్రిజ్జు జాలీలు రెండు, పాతిక్కి ఒకటి,
పాతినప సామాన్ల తవిటయ్య తూకం ఎయ్యకుండా ఇచ్చినాడు.
తుఫాన్లో ఎగిరిపడ్డ టేబుల్ ఫ్యానుకి
రెక్కలు పోయి ముందు జాలీ మిగిలింది:
అదే తలుపు.
అరిగిన హవాయి చెప్పు పట్టీ కోసి బందు సేసినాను.
సైకిలు ట్యూబు సీల్చి కట్లు కట్టినాను.
పప్పు డబ్బా రేకు సుత్తితో సదును సేసి
అంచులు లోపలికి మడిసినాడు తవిటయ్య,
మూతి గీరుకోకుండా.

అడుగున పరవడానికి ఫ్లెక్సీ.
ఎవరో నాయకుడు, రెండు సేతులూ జోడించి
పుట్టినరోజు నవ్వు.
నవ్వు పైకుండాలా కిందికుండాలా అని
తల్లీ కూతుళ్లం కొట్లాడుకున్నాం.
పైకే ఎట్టినాం. పొద్దుటికి తడిసింది.

దాని మీద గోనె కావాల.
ఒట్టి జాలీ మీద నిలబడితే పాదాలు పుండవుతాయని
బడిలో మేష్టారు సెప్పినాడట.
కంపెనీ గేటు కాడ గోనెలు గుట్టలు, అడిగితే ఇస్తారు.
నానడగనేదు.
పిక్కలు మోసిన గోనె, నూనె తాగీసుంటాది.
ఆ నూనె ఏటి సేస్తాదో నా సేతులికి తెలుసు.
బియ్యం గోనె కోసం మూడు కొట్లు తిరిగినాను.

ఆముదం రాసినా బూడిద పూసినా
పదకొండేళ్ల పిక్కలకి వేళ్లు నున్నగయిపోనాయి.
రేషను మిషను మీద బొటనవేలు ఎడితే ఎర్ర లైటు.
తుడిసి ఎట్టు. ఎర్ర లైటు.
"నువ్వు నువ్వేనేటే?" అంటాడు డీలరు, నవ్వుతాడు.
గుంట బడి మానేసి వొస్తే గానీ
బియ్యం రావు.

ఆపిలు పెట్టె బోర్లించి గుమ్మం కోసినాం, దాక్కోడానికి.
సెలైను సీసా యేలాడగట్టినాం, నీళ్లకి.
దీపాలేళకి గుండుని లోపలికి ఒగ్గినాం.
పెట్టె మూలకి గెడ్డం రాసింది,
ఫ్రిజ్జు జాలీకి రాసింది,
ఆగి, చెప్పు బందుకి కూడా రాసింది.
"ఇది నాదీ అని ముద్దరేస్తందమ్మా"
అన్నాది ఢిల్లేశ్వరి, సగం నిద్దర్లో.

అది తొంగున్నాక
ఫ్యాను జాలీ సందులోంచి బొటనవేలు లోపలికెట్టినాను.
వాసన సూసింది. మూతి ఆడించింది.
ఎర్ర లైటు ఎలుగుతాదేమోనని
ఊపిరి బిగబట్టుకున్నాను, నవ్వొచ్చింది నాకే.
గెడ్డం రాసింది.

నాలుగో కాలు ఇంకా ఊగుతంది.
కింద అట్టముక్క ఎట్టినాను గానీ
అదీ తినీసినట్టుంది.